సరిచేసిన పాటలు

బెల్జియం నుంచి వయొలిన్ నేర్పడానికి వచ్చిన లీవ టీచరమ్మ చెడ్డ మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, లేకపోతే వినేవాళ్ళు సగంలోనే ఆమెను తిట్టిపోస్తారు. చెడ్డమనిషి అయితే నాలుగు తిట్లు తిట్టి చేతులు దులుపుకోవచ్చు. ఈమెను ఏమనాలో ఆ ఊళ్ళో ఇప్పటికీ ఎవరికీ తోచదు.

ఆమెకు యాభై రెండేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఘెంట్ పక్కన ఒక చిన్న పట్నంలో సంగీత పాఠశాలలో ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లలకు వయొలిన్, వయోలా, చెల్లో నేర్పింది. రొమేనియాలో పాత ప్రభుత్వం కూలిపోయాక ఆ పట్నం వాళ్ళు ట్రాన్సిల్వేనియా కొండల్లో సిల్వాష్‌కుట్ అనే హంగేరియన్ల ఊరిని దత్తత తీసుకున్నారు. దుప్పట్లు పంపారు, మందులు పంపారు, 1993లో పన్నెండు వయొలిన్లు పంపారు. వాటితోపాటు జీతం లేకుండా నేర్పడానికి లీవ కూడా వచ్చింది. ఒక్క ఏడాదికని వచ్చిన మనిషి, రెండో ఏడాది కూడా ఉంటానంది.

ఉండక ఏం చేస్తుంది? బోర్బాలా ఇంట్లో అద్దెకు దిగిన మనిషి అంత తేలిగ్గా కదలగలదా? డెబ్భై నాలుగేళ్ళ ఆ ముసలమ్మ రోజూ పొద్దున్నే మొక్కజొన్న సంకటి మీద మీగడ పోసి ముందు పెట్టేది. "తిను. మీ దేశంలో కరువా ఏంటి? ఎముకలకి చొక్కా తొడిగినట్టున్నావు" అనేది. లీవ తినేదాకా ఎదురుగా కూర్చునేది. అలా కూర్చున్నప్పుడే ఒకరోజు తన పాట సంగతి చెప్పింది.

ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి మనిషికీ ఒక పాట ఉంటుంది. ఒకడిది ఇంకొకడు అడగడు. పెళ్ళిలో మనిషి లేచి వయొలిన్ వాడి ముందు నిలబడితే చాలు, అడక్కుండానే వాడి పాట మొదలవుతుంది. పోయినప్పుడు గుమ్మం నుంచి శ్మశానం దాకా ఆ పాటే వాయిస్తూ తీసుకెళతారు.

"నాది గెర్గెయ్ నాతో మొదటిసారి ఆడిన పాట," అంది బోర్బాలా. "నలభై రెండులో పెళ్ళయింది. నాలుగు నెలలకి యుద్ధానికి పట్టుకెళ్ళారు. రష్యాలో డాన్ నది దగ్గర మంచులో పోయాడన్నారు. ఒళ్ళు కూడా దొరకలేదు. శ్మశానంలో ఆయన పేరు చెక్కిన కొయ్య ఉంది గానీ, దాని కింద ఏమీ లేదు."

"మళ్ళీ పెళ్ళి చేసుకోలేదా?"

"ఆ, నువ్వు చేసుకున్నావేంటి పెద్ద," అని కసిరింది. తర్వాత గొంతు తగ్గించింది. "అసలు సంగతి వినవే. ఆయన చూసి వెళ్ళింది ఇరవై రెండేళ్ళ పిల్లని. ఇప్పుడీ బోసినోటి ముసల్దాన్ని ఎట్లా పోల్చుకుంటాడు? మొహం చూసి పోల్చలేడు. పాట వింటే పోలుస్తాడు. అది నాతో తప్ప ఎవరితోనూ ఆడలేదుగా. నన్ను మోసుకెళ్ళేటప్పుడు అది వినపడితే అవతల గేటు దగ్గరికి వచ్చి నిలబడతాడు."

లీవకు అలాంటి నమ్మకాలు లేవు. 

ఊరందరి పాటలూ తెలిసినవాడు ఒక్కడే, డెజో. ఊరి పైకొసన రోమా జిప్సీ వాళ్ళ వీధిలో ఉండే డెబ్భై ఒక్క ఏళ్ళ వయొలిన్ మనిషి. లీవ పాఠాలు మొదలుపెట్టిన మూడో వారం, పాత స్వెటర్‌లో చుట్టిన వయొలిన్ చంకన పెట్టుకుని బడి గుమ్మంలో నిలబడ్డాడు.

"టీచరమ్మా, నలభై ఆరుగురి పాటలు ఈ బుర్రలో ఉన్నాయి. ఇది కాస్తా మట్టిలోకి పోతే వాళ్ళనెవరు సాగనంపుతారు?"

"మీ అబ్బాయి లేడా?"

"కొలోజ్వార్ పట్నంలో లారీ తోలుతున్నాడు. వాడికి హారన్ కొట్టడం ఒక్కటే వచ్చు."

లీవ నవ్వి, టేప్ రికార్డర్ తెప్పిస్తానంది. డెజో రెండు చేతులూ ఊపాడు.

"వద్దు తల్లీ! పోయాక కూడా నన్ను లేపి వాయించమంటారా? అప్పుడైనా పడుకోనివ్వరా? నువ్వు నేర్చుకో. నా మనవరాలు ఇబోయాకి నేర్పు. ఇది మనిషి దగ్గర్నించి మనిషికి పోవాల్సింది."

ఇంతకన్నా పెద్ద గౌరవం లీవకు జీవితంలో ఎవరూ చెయ్యలేదు. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు డెజో వాయిస్తుంటే ఆమె స్వరాలు గబగబా చిత్తుగా రాసుకునేది. తర్వాత నల్ల అట్ట పుస్తకంలో, పైన మనిషి పేరు పెట్టి, ముత్యాల్లాంటి గీతల్లో తీర్చి రాసేది. చిత్తు కాగితాలతో బోర్బాలా పొయ్యి రాజేసుకునేది.

ఇక్కడే వచ్చింది చిక్కంతా. డెజో వాయించేదాంట్లో తాళం సమంగా ఉండదు. మొదటి దెబ్బ సాగుతుంది, రెండోది తోసుకొచ్చి పడుతుంది, మూడోది ఎక్కడో తటపటాయిస్తుంది. ఒక కాలు నాగటి చాలులో, ఒక కాలు గట్టు మీద వేసి నడిచే మనిషి నడకలా ఉంటుంది. ఇబోయా పుట్టిన ఏడు డెజో ఆల్‌బుకరా చెట్టు మీద నుంచి పడ్డాడు, కుడి భుజం విరిగింది. అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. వయొలిన్ కమాను లాగే చెయ్యి అదే. ఇరవై ఎనిమిదేళ్ళుగా పిల్లల మోచేతులే చూస్తున్న లీవ, ఆ భుజాన్ని చూడగానే తీర్పు చెప్పేసుకుంది. పాపం, చెయ్యి సహకరించడం లేదు, అందుకే కుంటుతోంది.

అడగొచ్చు కదా? అడగలేదు. ఒక పెద్దమనిషిని పట్టుకుని "మీ చెయ్యి వంకర కాబట్టి తాళం వంకరపోతోందా" అని అడగడం ఆమెను పెంచిన ఇంట్లో తప్పు. మర్యాద తెలిసిన మనిషి. ఆ మర్యాద తగలెయ్య! నోరు మూసుకుని ఒక్కొక్క పాటనూ సమం చేసింది. కొలిచి, లెక్కగట్టి, చెయ్యి బాగున్న రోజుల్లో ఈయన ఎలా వాయించి ఉంటాడో అలా రాస్తున్నాననుకుంది. రాస్తూ రాస్తూ కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది.

రాసింది ఆయనకు వాయించి వినిపించేది. డెజో తల ఒక పక్కకు వాల్చి వినేవాడు. "నున్నగా ఉంది టీచరమ్మా. మీ ఊరి పద్ధతి కాబోలు" అనేవాడు. ఆయనా మర్యాదస్థుడే మరి. జీతం లేకుండా అంత దూరం నుంచి వచ్చిన అతిథికి తప్పు చూపించడం ఆయనకూ చేతకాలేదు.

పదమూడేళ్ళ ఇబోయా మొదట్లో తాతలాగే కుంటుతూ వాయించేది. లీవ తాళం లెక్కపెట్టే మెట్రోనోమ్ బల్ల మీద పెట్టి, "తాతకి భుజం బాగాలేదమ్మా. నీకు బాగానే ఉందిగా? ఒకటి, రెండు, మూడు. సమంగా" అనేది. తాత భుజం బాగున్న రోజులు ఆ పిల్ల చూసిందా పెట్టిందా? నమ్మింది. ఆరు నెలలకి టకటకమనే ఆ పెట్టెతో సమంగా వాయించడం వచ్చేసింది. లీవ దాన్ని దగ్గరకు తీసుకుని ముద్దుపెట్టుకుంది.

ఆ ఏడాది ఊళ్ళో ఇద్దరు పోయారు. రెండుసార్లూ డెజో వాయించాడు, లీవ వెనకే నడిచింది. కుంటు ఇంకా ఎక్కువగా వినిపిస్తే, చలికి ఆయన చెయ్యి బిగుసుకుపోయిందనుకుని ఇంటికి తైలం కూడా పంపింది.

రెండో ఏడాది ఫిబ్రవరిలో డెజో నిద్రలోనే పోయాడు. వయొలిన్ మనిషి పోతే అక్కడ వాయించరు. వయొలిన్‌ను శవపెట్టె మీద పెట్టి, నిశ్శబ్దంగా మోసుకెళతారు. పక్కన కూర్చుని మూడు తీగల కొంత్రా మీద కమానుతో తాళం కొట్టే ఆయన బావమరిది ఫెర్కో, ఏడాది మైల పట్టి ఆ కొంత్రాను గోడకు తగిలించేశాడు. శ్మశానం నుంచి వస్తూ ఊళ్ళో ముసలివాళ్ళు లీవ చెయ్యి పట్టుకుని, "నువ్వు రాసి పెట్టబట్టి బతికిపోయామమ్మా" అన్నారు. ఆమె నల్ల పుస్తకాన్ని గుండెకు హత్తుకుంది.

అక్టోబరులో బోర్బాలా మంచాన పడింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని డాక్టరు చెప్పి, లీవను పక్కకు పిలిచి తల అడ్డంగా ఊపాడు. బోర్బాలాకు వేరే చెప్పక్కర్లేకపోయింది.

"ఒక్కసారి వినిపించవే నా పాట," అంది ఒక మధ్యాహ్నం. "పొయ్యేలోగా చెవిన పడితే ధైర్యంగా ఉంటుంది."

లీవ పుస్తకం తెరిచి, నిలబడి వాయించింది. ఆమె వాయించినవాటన్నిట్లో అదే గొప్పగా వచ్చింది. ఒక్క స్వరం తొణకలేదు. బోర్బాలా ఈకల దుప్పటి కింద చేతులు కట్టుకుని, ఇంటికొచ్చిన చుట్టం చెప్పే కబురు విన్నట్టు చివరిదాకా విన్నది.

"బాగుంది తల్లీ," అంది. "ఎవరిదా పాట?"

 జ్వరం మీద మాట్లాడుతోందేమోనని లీవ నుదురు తాకి చూసింది. చల్లగానే ఉంది. మళ్ళీ వాయించింది.

"కాదే బంగారం. నాది నాకు తెలీదా?"

"అయితే మీరు పాడండి అవ్వా. కొంచెం పాడండి చాలు."

బోర్బాలా నోరు తెరిచింది. రెండు స్వరాలు వచ్చాయి, మూడోదానికి ఊపిరి చాల్లేదు. దగ్గు తెర కమ్మి మొహం నల్లబడింది. లీవ ఆమెను లేపి కూర్చోబెట్టి, నీళ్ళు పట్టి, మళ్ళీ పాడమని అడిగే ధైర్యం లేక వయొలిన్ పట్టుకుని పైకొస వీధికి పరుగెత్తింది.

ఫెర్కో వాకిట్లో కట్టెలు పేరుస్తున్నాడు. సంగతి విని, మైల అయినా సరే, గోడ మీది కొంత్రా దించాడు. లీవ మొదలుపెట్టింది. ఆయన నాలుగు దెబ్బలు కొట్టాడు, ఆగాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ ఆగాడు.

"ఇదేంటి టీచరమ్మా? దీన్ని ఇస్త్రీ చేశావా?"

"ఆయనకి భుజం విరిగింది కదా. అందుకని తాళం తప్పేది కదా. నేను దాన్ని..."

"భుజం విరక్కముందు ఇరవై ఏళ్ళు ఆయన పక్కన కూర్చున్నాను నేను. అప్పుడూ ఇట్లాగే కుంటేది. వాళ్ళ నాన్న వాయించినా కుంటేది. కుంటేది పాటమ్మా, భుజం కాదు! ఒక్కొక్కరిది ఒక్కో కుంటు. దాన్నిబట్టే గదా ఎవరిదో తెలిసేది."

లీవ కట్టెల మీద కూలబడింది.

"మరి డెజో నాకెందుకు చెప్పలేదు?"

"ఏమో. 'ఆ పిల్లకి స్వరాలన్నీ పట్టుబడ్డాయిరా ఫెర్కో, నడక ఒకటి రావాలి, పెట్టె వెనక వాయిస్తూ నాలుగుసార్లు నడిస్తే అదే వస్తుంది' అన్నాడు నాతో. నడక తర్వాత నేర్చుకోవచ్చని నువ్వు తెలిసే అట్లా నున్నగా వాయిస్తున్నావనుకున్నాడు."

"మీరు చెప్పండి. ఎక్కడ సాగాలి, ఎక్కడ తగ్గాలి?"

"నాకేం తెలుసు తల్లీ? నేను ఆయన మోచెయ్యి చూస్తా కొట్టేవాణ్ణి. అది కదిలితే నా చెయ్యి కదిలేది." ఫెర్కో కమాను ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇప్పుడు చూడ్డానికి మోచెయ్యి ఏదీ?"

లోపల్నించి ఇబోయా వచ్చి నిలబడింది. లీవ వయొలిన్ దాని చేతికిచ్చి, తాత వాయించినట్టు వాయించమని బతిమాలింది. పిల్ల గడ్డం కింద వయొలిన్ పెట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకుంది. వాయించింది. ఒకటి, రెండు, మూడు. సమంగా.

"నాకు రావట్లేదు టీచరమ్మా," అంది. "అట్లా వాయించినప్పుడల్లా మీరు ఆపేవాళ్ళు కదా." అందులో నిష్ఠూరం లేదు. జరిగింది చెప్పింది, అంతే. అది ఇంకా నరకం.

తర్వాత నాలుగు రోజులు లీవ మంచం పక్క నుంచి కదల్లేదు. మొదటి దెబ్బ సాగదీసి వాయించేది, రెండోది సాగదీసి వాయించేది, మూడోది తుంచి చూసేది. బోర్బాలా ఓపికగా విని, కాదన్నట్టు తల తిప్పేది. "ఊహూఁ. ఇది పక్కింటి మార్గిత్ నడకలా ఉంది" అని నవ్వించబోయేది. లీవకు నవ్వు రాలేదు. చెవి నిండా ఇరవై ఎనిమిదేళ్ళ ఒకటి, రెండు, మూడు. దాని వెనక డెజో ఎక్కడున్నాడో ఎంత తవ్వినా దొరకలేదు.

నాలుగో రోజు సాయంత్రం ఒక విధంగా వాయించగానే బోర్బాలా చెయ్యెత్తింది. "ఆఁ, అదే! అదే నాది. పట్టేశావు."

లీవ ఏడుస్తూ ఆ చెయ్యి ముద్దుపెట్టుకుని, వంటింట్లోకి పరుగెత్తి రాసుకుంది. మర్నాడు పొద్దున ఇంకోసారి వినిపించింది. ఉత్సాహంలో మధ్యలో తప్పింది, నిన్న సాగినచోట తుంచేసింది. తప్పిన సంగతి ఆమెకు వెంటనే తెలిసింది. ఆపి మళ్ళీ మొదలుపెట్టబోయేలోపే బోర్బాలా తలూపింది.

"ఆఁ, అదే. అదే నాది."

 లీవ వయొలిన్ దించి మంచం అంచున కూర్చుంది.

"అవ్వా, నాకోసం అబద్ధం చెప్తున్నారు."

"ఐదు రోజులైంది నువ్వు సరిగ్గా తిని. పొయ్యి మీద సంకటి ఉంది, పో."

"ఆయన మిమ్మల్ని ఎలా పోలుస్తాడు?"

"నేను పోలుస్తాలే ఆయన్ని," అంది బోర్బాలా. "ఆయనేం మారలేదుగా. అక్కడ ఇరవై ఆరేళ్ళకే ఆగిపోయాడు." తన మాటకు తనే కాస్త నవ్వింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. గోడవైపు చూస్తూ, "పరాయి ముసల్దెవరో అనుకుని పక్కకి తప్పుకుంటాడేమో," అంది.

రెండు రోజుల తర్వాత, పదిగంటల వేళ, లీవ దిండు సర్దుతుండగా ఆమె ప్రాణం పోయింది.

సాగనంపే రోజు ఊరంతా వాకిట్లో నిలబడింది. చర్చి గంట కొట్టారు. ఆరుగురు పెట్టె భుజాలకెత్తుకున్నారు. ఫెర్కో కొంత్రా పట్టుకున్నాడు, ఇబోయా వయొలిన్ పట్టుకుంది. అందరూ లీవ వైపు చూశారు. ఆమె కమాను ఎత్తింది, తీగల దాకా తెచ్చింది, ఆపేసింది. ఈ పాట వాయిస్తే ఏమవుతుంది? అవతల గేటు దగ్గర నిలబడ్డ మనిషి ఉంటే, వేరెవరో వస్తున్నారనుకుని లోపలికి వెళ్ళిపోతాడు. అలాంటివి నమ్మని మనిషికి ఆ క్షణంలో ఆ భయం తప్ప ఇంకేమీ లేదు.

"వాయించాలా టీచరమ్మా?" అని ఇబోయా గుసగుసగా అడిగింది.

"వద్దు."

పెట్టె కదిలింది. చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. వయొలిన్ మనిషిని తప్ప ఇంకెవరినీ అలా ఆ దారిన తీసుకెళ్ళడం ఊరివాళ్ళెవరూ ఎరగరు. ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. బావి మలుపు దగ్గర లీవ ఉన్నట్టుండి వరస తప్పి ముందుకొచ్చి, పెట్టె ముందు నడవసాగింది. వయొలిన్ ఒక చేతిలో వేలాడుతోంది. క్లాసులో కూడా ఏనాడూ గొంతు పెంచని మనిషి, వచ్చీరాని హంగేరియన్‌లో, పీలగా, అరిచింది.

"గెర్గెయ్! బోర్బాలా వస్తున్నది! గెర్గెయ్! నీ బోర్బాలా!"

పాస్టరు వెనక్కి తిరిగి చూసి, ముందుకు నడిచాడు. ఎవరూ నవ్వలేదు. లీవ ఇరవై అడుగులు వేసేది, అరిచేది. మళ్ళీ ఇరవై అడుగులు. "ముసలిది అయింది, గెర్గెయ్! ఆమే! ఆమే ఈమె!" కొండ ఎక్కేసరికి గొంతు బొంగురుపోయి గాలి తప్ప రావడం లేదు. ఫెర్కో వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుని, శ్మశానం గేటు దగ్గర ఆగి, ఇంకోసారి పిలిచింది.

కింద ఏమీ లేని ఆ కొయ్య పక్కనే పెట్టె దించారు. మట్టి వేశారు. జనం ఒక్కొక్కరే వెనక్కి మళ్ళుతుంటే మార్టోన్ తాత కర్ర పోటేసుకుంటూ లీవ దగ్గరకు వచ్చి టోపీ తీశాడు. ఆయనకు ఎనభై మూడేళ్ళు.

"టీచరమ్మా, నా పాట కూడా నీ పుస్తకంలో ఉందని చెప్పాడు డెజో."

"ఉంది తాతా."

"దాన్ని కూడా సరిచేశావా?"

లీవ ఆయన కళ్ళలోకి చూడలేకపోయింది. చూడకుండా చెప్పడం ఇంకా పాపమనిపించి, తలెత్తింది.

"చేశాను," అంది.

మార్టోన్ తాత టోపీ పెట్టుకుని గేటు వైపు నడిచాడు. ఆయన వెనక ఇంకో నలుగురు ముసలివాళ్ళు ఆమెను అదే మాట అడగడానికి నిలబడి ఉన్నారు.